నీళ్ళు తేటపడ్డాక

ఒకే మాట రోజుకి ముప్పైసార్లు చెబితే అలుపు నాలుకకి రాదు, మాటకి వస్తుంది. "ఇంకా తెరవలేదండీ" అన్న మాట రేవు బాబాయి నోట్లో పది రోజులుగా నలిగి నలిగి, వందసార్లు ఉతికిన తువ్వాలులా పీచుపీచుగా అయిపోయింది.

చెరువులో ఈతకి దిగే చోట ఇనుప గేటు, గేటు పక్కన ఒక చిన్న గది. గదిలో ఒక బల్ల, ప్రథమ చికిత్స పెట్టె, గోడకి తగిలించిన విజిలు, ఒక తాడుచుట్ట, తాడు చివర ఒక తెల్లపళ్ళెం. ఇరవై ఏడేళ్ళుగా ఆ గదికి ఆయనే కాపరి. తనకంటే పెద్దవాళ్ళూ చిన్నవాళ్ళూ అందరూ ఆయన్ని బాబాయి అనే పిలుస్తారు. ఆయన భార్య పోయి నాలుగేళ్ళయింది. ఇంట్లో పిలిచేవాళ్ళు లేని మనిషికి వీధిలో ఇంతమంది ఒక వరస కలిపి పిలవడం కూడా ఒక దయే అనుకునేవాడు మామూలు రోజుల్లో. ఈ పది రోజుల్లో మాత్రం ఆ పిలుపు వినిపిస్తే చాలు, భుజాలు రెండూ వాటంతట అవే కిందికి జారుతున్నాయి.

"బాబాయ్, నీళ్ళు అద్దంలా ఉన్నాయి కదా, ఇంకా ఈ తాళం ఏమిటి?" కుక్కని వెంటేసుకుని వచ్చినాయన గేటు కమ్మీల్లోంచి తొంగిచూస్తూ అడిగాడు.

"ఇంకా తెరవలేదండీ. కుక్కని కూడా ఒడ్డుకి పోనివ్వకండి. ఒడ్డున ఎండిన పాచి తింటే ప్రాణానికే ముప్పు."

"అంతా తేటగా ఉంటే పాచి ఎక్కడండీ బాబూ!"

నిజమే, నీళ్ళలో పాచి లేదు. అదే అసలు చిక్కు.

పది రోజుల కింద, ఒక శనివారం పొద్దున, చెరువు మీద ఎవరో ఆకుపచ్చ రంగు డబ్బాలు కుమ్మరించినట్టు తెట్టు కట్టింది. గాలి దాన్నంతా నెట్టుకొచ్చి రేవు మెట్ల దగ్గర పోగుపెట్టింది. వాసనకి ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. ఆ గంటలోనే ఆయన గేటుకి తాళం వేసి ఎర్రజెండా కట్టాడు. ఒక్కరు కూడా వాదించలేదు. వాదించడానికేముంది, కళ్ళున్న ప్రతివాడికీ కనిపిస్తోంది. మూడోరోజు చెరువు బాగోగులు చూసే ఆఫీసు నుంచి పడవ వచ్చి చెరువంతా పాచిని చంపే మైలుతుత్తం చల్లింది. ఆకుపచ్చ గోధుమరంగయింది, గోధుమరంగు విరిగి అడుక్కి దిగింది. ఆరోరోజు, అంటే గురువారం పొద్దునకి, మెట్ల కింద గులకరాళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేలా కనిపించాయి.

అప్పుడాయన ఇరవై ఏడేళ్ళుగా చేస్తున్న పనే చేశాడు. తెల్లపళ్ళెం తీసుకుని పడవలో కొంచెం లోపలికి వెళ్ళి నీళ్ళలోకి దించాడు. తాడుకి మూరకో ముడి ఉంటుంది. ఐదు ముళ్ళు మునిగేదాకా పళ్ళెం కనిపిస్తే రేవు తెరవచ్చు. ఆఫీసు నిబంధన అదే. ఆరోజు ఏడు ముళ్ళు మునిగినా పళ్ళెం పున్నమి చంద్రుడిలా కనిపిస్తూనే ఉంది.

ఫోనులో ఆఫీసరు, "ఐదు దాటిందా? మరింకేం, తెరవండి" అన్నాడు.

ఆయన తెరిచాడు.

ఆరున్నరకే తాబేళ్ళు దిగిపోయారు. తాబేళ్ళంటే రోజూ పొద్దున ఈతకి వచ్చే పదకొండుమంది ఆడవాళ్ళు. అందరూ యాభై దాటినవాళ్ళే. ఒడ్డు మీద మోకాళ్ళు పట్టుకుని మూలిగేవాళ్ళు నీళ్ళలో పడగానే జోరందుకుంటారని ఆ పేరు వాళ్ళే పెట్టుకున్నారు. వాళ్ళలో ఒకావిడ ఆయనకి స్వయానా వదిన, భార్యకి అక్క. బట్టలు కుడుతుంది. అరవై ఆరేళ్ళు. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. పొద్దున ఒక గంట ఈదితేనే ఆ రోజంతా మిషను తొక్కగలదు, మూడంతస్తుల మెట్లెక్కి తన గదికి చేరగలదు. ఆవిడకి ఆ చెరువు షోకు కాదు, మందు.

గంట గడిచిందో లేదో ల్యాబులో పనిచేసే అమ్మాయి ఫోన్ చేసింది. నిన్న ఆయన పంపిన సీసాలో నీళ్ళు పరీక్షించిందట.

"బాబాయిగారూ, ఎవరూ దిగలేదు కదా?"

"దిగారమ్మా. తేటగా ఉంటేనూ..."

"అయ్యో, తేటగా ఉండటమే ప్రమాదమండీ! పాచి పచ్చగా ఉన్నన్నాళ్ళూ విషం దాని లోపలే, చిన్న చిన్న సంచుల్లో కట్టినట్టు ఉంటుంది. మైలుతుత్తం పడేసరికి ఆ సంచులన్నీ పగిలాయి. పాచి చచ్చింది గానీ విషం నీళ్ళలో కలిసింది. పచ్చగా ఉన్నప్పుడు నీళ్ళలో ఉన్నదానికి నాలుగింతలుంది ఇప్పుడు. అందర్నీ పైకి రమ్మనండి!"

విజిలు ఊదిన ఊపుకి ఆయనకే చెవులు గింగుర్లెత్తాయి. పదకొండుమందినీ పైకి రప్పించి, ఊరి నీళ్ళొచ్చే కుళాయి కింద తలల దగ్గర్నుంచీ కడుక్కోమన్నాడు. ఈత బట్టలు కూడా విప్పి జాడించమన్నాడు. వదిన గొణుక్కుంటూనే కడుక్కుంది. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నమాట. మీ ఆఫీసువాళ్ళు వైద్యం చేస్తే అంతే మరిదీ."

ఆ సాయంత్రం పదకొండుమందికీ ఫోన్లు చేశాడు. అందరూ బాగున్నామన్నారు. వదినైతే, "నాకేం? గుర్రంలా ఉన్నా. నువ్వు పడుకో" అంది. ఆయన నిజంగానే నమ్మి, హాయిగా పడుకున్నాడు.

ఇప్పుడు, నాలుగు రోజుల తర్వాత, ఆ నమ్మకమే ఆయన మెడకి చుట్టుకుంది.

కుక్కాయన అటు వెళ్ళాడో లేదో హెడ్మిస్ట్రెస్ గారు వచ్చారు. ఉద్యోగంలోంచి దిగి పదేళ్ళయినా ఆవిడ నడక ఇంకా వరండాలో అల్లరి పట్టుకోవడానికి వెళ్తున్నట్టే ఉంటుంది. తాబేళ్ళకి నాయకురాలు.

"బాబాయ్, మీ ఆఫీసరుతో మాట్లాడాను. రేపు ఏడింటికి రేవు తెరుస్తారు."

"ల్యాబువాళ్ళు మళ్ళీ పరీక్ష చేస్తున్నారండీ. ఆ కబురు గురువారానికి గానీ రాదు."

"ల్యాబు, ల్యాబు! పళ్ళెం కనిపిస్తోందా, లేదా?"

"కనిపిస్తోందండీ."

"నిబంధన ప్రకారం తెరవాలా, వద్దా?"

ఆయన తాడు చివరి తెల్లపళ్ళెం వంక చూశాడు.

"చూడండి, మేం పదకొండుమందిమీ గంటసేపు దిగాం. ఒక్కరికి తుమ్ము కూడా రాలేదు. విషముంటే పదకొండుమందిలో ఒక్కరికైనా పట్టదా? ఆ మాటే ఆఫీసరుతో అన్నాను. ఆయనా నిజమేనన్నాడు. బుధవారం నుంచి స్కూలు పిల్లల ఈత క్లాసు కూడా మొదలుపెట్టించేస్తానన్నాడు. పాపం, నలభైమంది పిల్లలు వారం నుంచీ ఎదురుచూస్తున్నారు."

ఆవిడ వెళ్ళాక ఆయన బల్ల మీద మోచేతులు ఆన్చి కూర్చుండిపోయాడు. ఈత నేర్చుకునే పిల్లలు ఈదేదానికంటే మింగేది ఎక్కువ. ఆ సంగతి ఆయనకి తెలిసినట్టు ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఏటా చూస్తూనే ఉన్నాడు, పైకొచ్చి నవ్వుతూ పుక్కిలించి ఉమ్మే మొహాల్ని. ఆఫీసరుకి మళ్ళీ ఫోన్ చేశాడు. "మీరే కదయ్యా మొన్న తెరిచారు, ఏమైంది? ఏం కాలేదు కదా!" అన్నాడాయన. తెరిచింది తనే. ఏమీ కాలేదన్నది పదకొండుమంది మాట. ఆ రెండూ ఒక పక్క, ల్యాబు అమ్మాయి ఫోనులో చెప్పిన నాలుగు ముక్కలు ఒక పక్క.

మధ్యాహ్నం గదికి తాళం వేస్తుంటే తట్టింది: వదిన గురువారం నుంచీ ఇటు రానేలేదు. గేటు మూసున్నా సరే, కమ్మీలు పట్టుకుని నాలుగు చురకలంటించకుండా ఉండే మనిషి కాదు.

ఆయన మూడంతస్తులూ ఎక్కాడు. తలుపు తోస్తే తెరుచుకుంది.

మిషను మీద దుప్పటి కప్పి ఉంది. ముందు అదే చూశాడు. తర్వాత మంచం, మంచం పక్కన ఒక బకెట్టు, స్టూలు మీద ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళ సీసా. వదిన గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పెదాలు ఎండిపోయి పొట్టు లేచాయి.

"ఏంటి మరిదీ, దారి తప్పావా? కుట్టడానికి బట్టలేమీ తేలేదుగా. నేనసలే సెలవులో ఉన్నా."

"వదినా, ఇది ఎప్పట్నుంచి?"

"ఏది?"

"ఆ బకెట్టు."

ఆవిడ బకెట్టు వంక చూసి, అదేదో తనకి తెలియకుండా ఎవరో తెచ్చి పెట్టినట్టు కనుబొమ్మలు ఎగరేసింది. నాలుగు రోజుల కిందటైతే ఆ వేషానికి నవ్వొచ్చేది.

"గురువారం మధ్యాహ్నం నుంచి" అంది చివరికి. "రెండ్రోజులు పేగులన్నీ నోట్లోకొచ్చాయి. ఇప్పుడు నయం. నిన్న బ్రెడ్డుముక్క కూడా నిలిచింది."

"నువ్వు గుర్రంలా ఉన్నానన్నావు!"

"గుర్రాలకి మాత్రం రోగాలు రావా?"

"డాక్టరుకి చూపించుకున్నావా?"

"చూపించుకున్నా. బయటి తిండి ఏమైనా తిన్నారా అన్నాడు. తిన్నానన్నా."

"తిన్నావా?"

ఆవిడ మొహం తిప్పుకుంది. కిటికీ అవతల ఎవరో ఆరేసిన బట్టలు తీస్తున్నారు. ఒక్కో క్లిప్పూ టకటకమని డబ్బాలో పడుతోంది. అన్నీ పడేదాకా ఆ చప్పుడే విన్నారిద్దరూ.

"డాక్టరుతో కూడానా, వదినా!"

"మరేం చెయ్యను? చెరువులో దిగానంటే ఎప్పుడూ అంటాడు. గురువారమంటే, మూసుంది కదా, ఎవరు తెరిచారూ అంటాడు. ఆసుపత్రివాళ్ళు ఆఫీసుకి రాస్తారు. ఇంకా ఎనిమిది నెలలుంది నీకు రిటైరవడానికి. నా రెండు వాంతులకి నీ ఇరవై ఏడేళ్ళ సర్వీసు కడిగెయ్యమంటావా?"

ఆయనకి కోపం రావాల్సింది. వచ్చింది కూడా, కానీ సగం దారిలోనే అలిసిపోయి కూలబడింది. తనని కాపాడటానికి ఈవిడ ఒంట్లో విషం పెట్టుకుని, నోరు కుట్టేసుకుని కూర్చుంది. ఈవిడ కుట్టేసుకున్న నోటిని సాక్ష్యంగా పట్టుకుని అక్కడ గేటు తెరవబోతున్నారు.

"లే. ముందు డాక్టరు దగ్గరికి పోదాం. ఈసారి నిజం చెబుదువుగాని."

మెట్లు దిగడానికి చాలాసేపు పట్టింది. ఈత లేక నాలుగు రోజులయ్యేసరికి ఆవిడ మోకాళ్ళు తుప్పుపట్టిన బందుల్లా బిగుసుకుపోయాయి. ఒక్కో అంతస్తు దగ్గరా ఆగి, గోడ పట్టుకుని, "నీ పెళ్ళాం ఉంటే నన్ను వీపున మోసుకుని దింపేది. అది చిన్నప్పట్నుంచీ బలశాలి" అనేది. ఆయన చెయ్యి అందించేవాడు. ఆవిడ పట్టుకునేది కాదు. రెండో అంతస్తు దగ్గర పట్టుకుంది.

డాక్టరు ఈసారి అంతా విని, కలం కింద పెట్టి ఆవిడ మొహంలోకి చూశాడు. "ఈ ముక్క ముందే చెప్పి ఉంటే వేరే మాత్రలిచ్చేవాణ్ణి కదమ్మా. ఇది కాలేయానికి పట్టే విషం. నొప్పి మాత్రలు మీ అంతట మీరు వేసుకోకండి" అని రక్తపరీక్ష చేయించాడు. కాలేయం కొంచెం వాచింది. భయపడాల్సినంత కాదు, తగ్గుతుంది, వారం తర్వాత మళ్ళీ చూద్దాం అన్నాడు. ఆ 'కొంచెం' అన్న మాటని ఆయన దాచుకోదగ్గ నాణెంలా గుప్పిట్లో పట్టుకుని బయటికొచ్చాడు.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నాక చెప్పాడు. "రేపు ఏడింటికి తెరవమన్నారు. ఎల్లుండి నుంచి నలభైమంది పిల్లలు."

"తెరవకు."

"నేను తెరవకపోతే ఇంకెవరో వచ్చి తాళం తీస్తారు. హెడ్మిస్ట్రెస్ గారు పట్టుబట్టి కూర్చున్నారు. పదకొండుమందిలో ఒక్కరికీ ఏం కాలేదంటున్నారు."

"అయితే నన్నొచ్చి చెప్పమంటావు."

"అంటాను."

"మా మరిది తెరిచాడు, నేను దిగాను, నాకు జబ్బు చేసింది అని, ఊరంతా వినేలా నా నోటితో నేను చెప్పాలి."

"ఊరంతా అక్కర్లేదు. పదిమంది చాలు."

"చెప్పను" అంది. "ఆ మాట తప్ప ఇంకేదైనా అడుగు."

ఆయన ఇంకేమీ అడగలేదు. వాదించే ఓపిక లేదు. ఆవిణ్ణి మళ్ళీ మూడంతస్తులూ ఎక్కించి, సీసాలో నీళ్ళు నింపి, బకెట్టు కడిగి బోర్లించి ఇంటికెళ్ళాడు.

మంగళవారం ఆరున్నరకే గేటు ముందు తువ్వాళ్ళు భుజాన వేసుకుని తాబేళ్ళు చేరారు. ఎండ అప్పుడే నీళ్ళ మీదికి వాలుతోంది. చెరువు ఎంత అందంగా ఉందంటే, కాపరికే ఒక్క క్షణం అందులో మొహం కడుక్కోవాలనిపించింది. నివురు కప్పిన నిప్పుకైనా కాస్త వేడి తగులుతుంది. దీనికి అదీ లేదు.

హెడ్మిస్ట్రెస్ గారు ఫోనులో ఆఫీసరు పంపిన ఉత్తర్వు చూపించారు. "ఏడింటికి. ఇంకో పావుగంట. తాళంచెవి చేతిలో పెట్టుకోండి."

"అమ్మా, నా మాట వినండి. గురువారం నేను తెరవడమే తప్పు. పళ్ళెం చూపించేది బురద ఉందా లేదా అని. విషం ఉందో లేదో దానికేం తెలుసు? అది ఇన్నాళ్ళూ నాకు తట్టలేదు."

"ఇరవై ఏడేళ్ళు తట్టనిది ఇప్పుడెలా తట్టిందో!" బస్సు కండక్టరుగా చేసే ఆవిడ నవ్వింది. "పోనీ బాబాయ్, ఒక పని చెయ్యండి. ఆ నీళ్ళు కాచి పోయండి మాకు."

"కాచినా పోదమ్మా ఆ విషం. కాచేకొద్దీ చిక్కబడుతుంది."

"అబ్బో! ఏం చేసినా పోదు, మా బాబాయి మొండితనం లాగా!"

అందరూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదది, రోజూ నవ్వే నవ్వే. ఆయనకి అదే మరీ కష్టంగా ఉంది. శత్రువులైతే ఎదిరించవచ్చు. వీళ్ళు పండ్లు కొనుక్కుంటే ఒకటి బల్ల మీద పెట్టి పోయేవాళ్ళు. ఆయన భార్య పోయిన నెలంతా వంతులేసుకుని అన్నం పంపినవాళ్ళు.

అప్పుడు వీధి చివర ఒక బండి ఆగింది. అందులోంచి ఒక కాలు దిగింది. చాలాసేపటికి రెండోది దిగింది.

వదిన గేటు దాకా నడిచి రావడం అందరూ చూశారు. నాలుగు రోజుల్లో మనిషి సగమైంది. ఎవరో గదిలోంచి కుర్చీ తెచ్చి వేశారు. ఆవిడ కూర్చుని, ఊపిరి కూడదీసుకుని, గేటు వంక కాకుండా తన చేతుల వంకే చూసుకుంటూ చెప్పింది.

"గురువారం దిగాక నాకు వాంతులు పట్టుకున్నాయి. రెండు రోజులు. నీళ్ళు తాగినా నిలవలేదు. కాలేయం వాచిందని నిన్న పరీక్షలో తేలింది. డాక్టరుతో మొదట అబద్ధం చెప్పాను. మా మరిదితో చెప్పాను. మీ అందరితోనూ చెప్పాను. పదకొండుమందికీ ఏం కాలేదన్న లెక్కలో నన్ను తీసెయ్యండి."



"మరి ఎందుకు దాచావే?" హెడ్మిస్ట్రెస్ గారి గొంతు వరండాలోంచి ఇంట్లోకి వచ్చినట్టు తగ్గింది.

"తెరిచింది ఎవరో మీకు తెలీదా? వాడి ఉద్యోగం పోతుందని." కాపరి వైపు గడ్డం ఎగరేసింది. "పోతే పోనీ. నిన్న రాత్రంతా కూర్చుని ఆలోచించాను. వాడికి ఉద్యోగం పోయినా బట్టలు మడతపెట్టడం నేర్పగలను. పిల్లల కాలేయాలకి మాసికలు వెయ్యడం మాత్రం నాకు రాదు."

తాబేళ్ళలోనే బేకరీ నడిపే ఆవిడ మెల్లిగా జాకెట్టు చెయ్యి పైకి లాగింది. మోచేతి నుంచి భుజం దాకా ఎర్రటి దద్దుర్లు. "నేను... కొత్త సబ్బు పడలేదనుకున్నా" అంది. "సబ్బు మార్చాను కూడా."

కండక్టరమ్మ ఆ చేతిని చూసి, తువ్వాలు భుజం మీంచి తీసి చేతుల్లో మెలిపెట్టింది. "నాకు శుక్రవారం డ్యూటీలో మూడుసార్లు బస్సు ఆపించాల్సి వచ్చింది. ఇంట్లో పాలు విరిగాయి, అవే తాగానేమో అనుకున్నా."

"విరిగిన పాలెవరైనా తాగుతారా?"

"తాగలేదు. కానీ ఏదో ఒకటి అనుకోవాలి కదా!"

ఇంకొకావిడకి కళ్ళు మండాయి, దుమ్మనుకుంది. ఇంకొకావిడకి చెవిపోటు, మరొకావిడకి ఒళ్ళంతా దురద. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరికి వాళ్ళే ఏదో ఒక సాకు వెతుక్కున్నారు. చెబితే రేవు ఇంకో వారం మూసేస్తారన్న భయం ఒకటి, మిగతా పదిమందీ రాయిలా ఉన్నారు కదా నాకేంటి అన్న సిగ్గు ఒకటి. లెక్క చూస్తే పదకొండుమందిలో ఆరుగురు తేలారు.

"ఏడు" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు, ఎటో చూస్తూ. "వివరాలడక్కండి. వయసు మీద పడిందనుకున్నాను."

నవ్వాలో వద్దో తెలియక ముందు ఎవరూ నవ్వలేదు. తర్వాత వదినే కిసుక్కుమంది. ఆ నవ్వుకి కడుపు పట్టేసి, "అమ్మో" అని వంగిపోయింది.

ఆఫీసరుకి హెడ్మిస్ట్రెస్ గారే ఫోన్ చేశారు. నిన్న తెరవమన్న నోటితోనే ఇవాళ మూయమనడానికి ఆవిడ ఒక్క నిమిషం కూడా తడుముకోలేదు. ఆ సంగతి కాపరి తర్వాత చాలాకాలం గుర్తుపెట్టుకున్నాడు. తప్పు దిద్దుకోవడం ఎంత తేలికగా కూడా ఉండవచ్చో అని. "లేదు బాబూ, మేం ఏడుగురం జబ్బుపడ్డాం. పేర్లా? రాసుకో, చెబుతాను. పిల్లల క్లాసు ఆపెయ్యి. రేపు కాదు, ఇప్పుడే." అవతల ఏదో అడిగినట్టున్నాడు. ఆవిడ ఆగి, ఫోను కాపరి చేతికిచ్చారు. "గురువారం తెరిచిందెవరని అడుగుతున్నాడు."

"నేనేనండీ" అన్నాడాయన. "పళ్ళెం చూసి తెరిచాను. మీరు చెప్పారు, నిజమే. కానీ తాళం తీసిన చెయ్యి నాదే."

అవతల ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"రాసి పంపండి" అన్నాడు ఆఫీసరు ఎట్టకేలకి. కోపంగా కాదు. అతనూ పది రోజులుగా ఎవరెవరికో జవాబులు చెప్పి అలిసిపోయినవాడిలాగే ఉన్నాడు. "నేను చెప్పానని కూడా రాయండి. ల్యాబునుంచి కబురొచ్చేదాకా తెరవకండి. పళ్ళెం సంగతి తర్వాత చూద్దాం."

ఫోను పెట్టేసి ఆయన గట్టు మీద కూర్చున్నాడు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆ మాటలో తేలలేదు. కానీ ఏడు దాటింది, గేటు మూసే ఉంది.

తాబేళ్ళు మాత్రం ఇళ్ళకి పోలేదు. ఏడుగురూ ఇవాళే డాక్టరుకి చూపించుకోవాలనీ, చెరువులో దిగామన్న మాట దాచకూడదనీ హెడ్మిస్ట్రెస్ గారు హోంవర్కిచ్చినట్టు అందరిచేతా ఒప్పించారు. తర్వాత వాళ్ళ కళ్ళు గేటుకి కట్టిన ఆఫీసు బోర్డు మీద పడ్డాయి. 'హానికర నీలి ఆకుపచ్చ శైవల ఉద్ధృతి దృష్ట్యా జలక్రీడలు తాత్కాలికముగా నిషేధించడమైనది.'

"ఇదెవరికి అర్థమవుతుంది?" అంది కండక్టరమ్మ. "నేను పది రోజుల్నుంచీ శైవలమంటే ఎవరో మనిషి పేరనుకుంటున్నా."

"పాచే అది. అందుకే ఎవరూ వినలేదు. ఇంకోటి రాద్దాం" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు.

గది వెనక పాత పడవ చెక్క ఒకటి ఉంది. గేటుకి వేయగా మిగిలిన నల్లరంగు డబ్బాలో కొంచెం ఉంది. కాపరి కుంచె పట్టుకున్నాడు. మాటల దగ్గర పెద్ద గొడవే అయింది. 'దయచేసి' ఉండాలని ఒకరు, దయ అంటే వినరని ఒకరు. 'విషం' అని రాస్తే జనం హడలిపోతారని ఒకరు.

"హడలాలనే కదా రాసేది!" అంది వదిన కుర్చీలోంచి. "ఇదిగో, నేను చెబుతా, రాయి. నీళ్ళు తేటగా ఉన్నాయని దిగకండి."

ఆయన రాశాడు.

"విషం కంటికి కనపడదు. తాగకండి, కాచినా పోదు. పిల్లల్నీ కుక్కల్నీ ఒడ్డుకి పోనివ్వకండి. తడిస్తే కుళాయి నీళ్ళతో కడుక్కోండి. వాంతులో దద్దుర్లో వస్తే..." ఆవిడ ఆగింది.

"వస్తే?"

"దాచకండి. డాక్టరుకి చెప్పండి."

అక్షరాలు చివరికొచ్చేసరికి కిందికి జారిపోతున్నాయి. బేకరీ ఆవిడ చెక్కకి ఒక కొస పట్టుకుంది, కండక్టరమ్మ ఇంకో కొస పట్టుకుని వరస తిన్నగా వచ్చేలా వంచింది. "బాబాయ్, 'దాచకండి' పెద్దక్షరాలతో" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు. ఆయన మళ్ళీ కుంచె ముంచాడు.

ఇంకేమైనా కలపాలా అని అడగడానికి తలెత్తితే, వదిన కుర్చీలోనే తల పక్కకి వాల్చి నిద్రపోతోంది. నోరు కొద్దిగా తెరుచుకుంది. నాలుగు రోజుల తర్వాత అదే మొదటి మంచి నిద్రేమో. ఎండ సరిగ్గా ఆవిడ కళ్ళ మీదికి వస్తోంది. ఆయన లేపలేదు. చెక్కని ఆడవాళ్ళిద్దరి చేతా ఒక అడుగు కుడివైపుకి జరిపించి, తన నీడ ఆవిడ మొహం మీద పడేలా నిలబడి, మిగిలిన అక్షరాలు రాయసాగాడు.